మౌనం అంగీకారమైతే యుద్ధానికి అడ్డెవరు?

2017 అక్టోబరు 4న పశ్చిమాఫ్రికాలోని నైజర్‌లో, టోంగో టోంగో అనే ఊరి దగ్గర సాయుధులు మాటు వేసి దాడి చేశారు. నలుగురు అమెరికా సైనికులు చనిపోయారు. ఆ వార్త విన్న అమెరికన్లలో చాలామందికి మొదట కలిగిన సందేహం, మనవాళ్లు అసలక్కడ ఎందుకున్నారు అన్నదే. సామాన్యుల సంగతి అలా ఉంచితే, సెనేట్ సాయుధ దళాల కమిటీలో ఉన్న లిండ్సీ గ్రాహం కూడా నైజర్‌లో వెయ్యి మంది సైనికులున్నారని తనకు తెలియదని టీవీలో చెప్పారు. సెనేట్‌లో డెమొక్రాట్ల నాయకుడు చక్ షూమర్ కూడా తనకు తెలియదన్నారు.

నిజానికి ఆ విషయం దాచిపెట్టినది కాదు. సుమారు వంద మందిని నైజర్‌కు పంపినట్టు 2013 ఫిబ్రవరిలోనే అధ్యక్షుడు ఒబామా అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు లేఖ రాశారు. లేఖ అందింది, ఫైల్లో చేరింది. ఆ దేశంలో సైన్యం ఉండాలా వద్దా అని సభలో ఓటింగ్ మాత్రం జరగలేదు. యుద్ధం మీద చట్టసభకున్న అధికారం ఎలా కరిగిపోయిందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అధ్యక్షులు లాక్కున్నది కొంత ఉంది. కానీ సభ నోరు విప్పకపోవడం వల్ల పోయింది అంతకంటే ఎక్కువ. మౌనం అర్ధాంగీకారం అంటారు. అమెరికాలో యుద్ధం విషయంలో మౌనం పూర్తి అంగీకారంగానే చెల్లుతోంది. ఎన్ని సంస్కరణలు చెప్పుకున్నా అసలు మార్చాల్సింది ఇదే. సభ ఏమీ అనకపోతే యుద్ధం సాగిపోవడం కాదు, ఆగిపోవాలి.

రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ విషయంలో తడబాటు లేదు. 1787 ఆగస్టు 17న ఫిలడెల్ఫియా సమావేశంలో ముసాయిదా మీద చర్చ నడుస్తోంది. యుద్ధం ‘చేసే’ అధికారం కాంగ్రెస్‌ది అని అందులో ఉంది. సౌత్ కరోలినా ప్రతినిధి పియర్స్ బట్లర్ ఆ అధికారాన్ని అధ్యక్షుడికే ఇద్దామన్నారు. గణతంత్ర దేశంలో యుద్ధం ప్రకటించే అధికారాన్ని ఒక్క పాలకుడి చేతిలో పెట్టాలన్న ప్రతిపాదన వినాల్సి వస్తుందని తాను ఎన్నడూ అనుకోలేదని మసాచుసెట్స్ ప్రతినిధి ఎల్బ్రిడ్జ్ గెర్రీ బదులిచ్చారు. ఆయన, జేమ్స్ మాడిసన్ కలిసి ఒక్క మాట మార్చారు. ‘చేసే’ తీసేసి ‘ప్రకటించే’ అని పెట్టారు. శత్రువు హఠాత్తుగా మీద పడితే తిప్పికొట్టడానికి అధ్యక్షుడు సభ కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఆ మార్పు ఉద్దేశం అంతవరకే. పాలకుడు దాడిని తిప్పికొట్టగలగాలి, యుద్ధం మొదలుపెట్టకూడదు అని కనెక్టికట్ ప్రతినిధి రోజర్ షెర్మన్ ఇంకా సూటిగా చెప్పారు.

పదకొండేళ్ల తర్వాత, 1798లో, మాడిసన్ అప్పటి ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు రాసిన లేఖలో దీనికి కారణం కూడా ఉంది. ప్రభుత్వంలోని అన్ని విభాగాల్లోనూ యుద్ధం మీద ఎక్కువ ఆసక్తి ఉండేది, అటువైపు తొందరగా మొగ్గేది కార్యనిర్వాహక విభాగమేనని చరిత్ర అంతా చెబుతోందని, అందుకే రాజ్యాంగం ఎంతో ఆలోచించి ఆ ప్రశ్నను చట్టసభకు అప్పగించిందని ఆయన రాశారు. ఇందులో ఫలానా అధ్యక్షుడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రసక్తే లేదు. యుద్ధం వస్తే సైన్యం, డబ్బు, కీర్తి, రహస్యం అన్నీ ఆ కుర్చీ దగ్గరికే చేరతాయి. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అంతే.

కాంగ్రెస్ లాంఛనంగా యుద్ధం ప్రకటించింది ఇప్పటివరకు 11 సార్లే, అవి కూడా ఐదు యుద్ధాలకు సంబంధించినవి. చివరిది 1942 జూన్‌లో బల్గేరియా, హంగరీ, రొమేనియాల మీద. ఆ తర్వాత అమెరికా సైన్యం పోరాడని దశాబ్దం లేదు, కానీ యుద్ధ ప్రకటన ఒక్కటీ లేదు. 1950లో అధ్యక్షుడు ట్రూమన్ కొరియాకు సైన్యాన్ని పంపినప్పుడు సభను అడగలేదు. అది యుద్ధం కాదు, ఐక్యరాజ్యసమితి తరఫున చేపట్టిన ‘పోలీసు చర్య’ అన్న మాట చెలామణి అయింది. ఆ పోలీసు చర్యలో సుమారు 36 వేల మంది అమెరికా సైనికులు చనిపోయారు.

వియత్నాం విషయంలో సభను అడిగారు. అయితే ఎలా అడిగారన్నది దగ్గరగా చూడాలి. 1964 ఆగస్టు 4 రాత్రి ఉత్తర వియత్నాం తీరంలోని టాంకిన్ సింధుశాఖలో మాడక్స్, టర్నర్ జాయ్ అనే రెండు అమెరికా యుద్ధనౌకలు తమ మీద దాడి జరుగుతోందని సందేశాలు పంపాయి. రెండు రోజుల కిందట మాడక్స్ మీద నిజంగానే దాడి జరిగింది. ఈసారి మాత్రం కొన్ని గంటల్లోనే అక్కడి కమాండర్ జాన్ హెరిక్‌కు అనుమానం వచ్చింది. వాతావరణం వల్ల రాడార్‌లో తేడాగా కనిపించి ఉండొచ్చు, సోనార్ దగ్గర కూర్చున్నవాళ్లు కంగారుపడి ఉండొచ్చు, ఇంకేం చేసేముందైనా పూర్తిగా పరిశీలించండి అని ఆయన పైకి కబురు పంపారు. వాషింగ్టన్ ఆగలేదు. ఆ రాత్రే అధ్యక్షుడు జాన్సన్ టీవీలో కనిపించి ప్రతీకార దాడుల గురించి చెప్పారు. అక్కడ సైన్యాన్ని వాడే అధికారం అధ్యక్షుడికి ఇచ్చే తీర్మానం మూడు రోజుల్లో వచ్చింది. ప్రతినిధుల సభలో 416 మంది అవునన్నారు, కాదన్నవారు ఒక్కరూ లేరు. సెనేట్‌లో 88 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరు ఒరెగాన్‌కు చెందిన వేన్ మోర్స్, అలాస్కాకు చెందిన ఎర్నెస్ట్ గ్రూనింగ్. 1968 ఎన్నికల్లో ఇద్దరూ సీట్లు పోగొట్టుకున్నారు. ఆగస్టు 4న దాడే జరగలేదని తర్వాత తేలింది. ఆ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికులు 58 వేలకు పైగా ఉన్నారు. వియత్నామీయుల మరణాలు లక్షల్లో ఉన్నాయి.

1969 మార్చి నుంచి కంబోడియా మీద కాంగ్రెస్‌కు తెలియకుండా బాంబులు వేశారన్న సంగతి బయటపడ్డాక ఇక సభ కదిలింది. 1973లో వార్ పవర్స్ రిజల్యూషన్, అంటే యుద్ధాధికారాల తీర్మానం తెచ్చింది. అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశారు. నవంబరు 7న ఉభయ సభలూ మూడింట రెండొంతుల మెజారిటీతో ఆ వీటోను తోసిపుచ్చాయి. ప్రతినిధుల సభలో 284-135, సెనేట్‌లో 75-18. చట్టం చెప్పేది మూడు ముక్కల్లో చెప్పొచ్చు. సైన్యాన్ని పోరులోకి దించిన 48 గంటల్లో అధ్యక్షుడు కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. 60 రోజుల్లోగా కాంగ్రెస్ అనుమతి దొరకకపోతే సైన్యాన్ని వెనక్కి తీసుకోవాలి, అలా తీసుకోవడానికి కావాలంటే ఇంకో 30 రోజులు. గడువుతో పని లేకుండా, ఎప్పుడంటే అప్పుడు ఉభయ సభలు ఒక తీర్మానం చేస్తే చాలు, అధ్యక్షుడి సంతకం లేకుండానే సైన్యం తిరిగి రావాలి.

కాగితం మీద ఇది మంచి చట్టమే. సభ మౌనంగా ఉంటే 60వ రోజున యుద్ధం దానంతట అదే ఆగిపోవాలని రాసినవాళ్లు అనుకున్నారు. అది అలా పనిచేయకపోవడానికి కారణం అందులోని మాటల దగ్గరే ఉంది.

అధ్యక్షులు పంపే నివేదికలు చూస్తే సంగతి తెలుస్తుంది. ఈ చట్టం ‘ప్రకారం’ పంపుతున్నాను అని రాయరు. ఈ చట్టానికి ‘అనుగుణంగా’ పంపుతున్నాను అని రాస్తారు. చదివేవారికి రెండూ ఒకటే అనిపించొచ్చు. కానీ మొదటి మాట వాడితే గడువు మొదలైందని ఒప్పుకున్నట్టు, రెండో మాట వాడితే ఏమీ ఒప్పుకోనట్టు. సైనికులు పోరులోకి దిగారని చెప్పే నిబంధనను పేరు పెట్టి ప్రస్తావించిన నివేదిక ఒక్కటే ఉంది. 1975లో కంబోడియా పట్టుకున్న మాయగెజ్ అనే అమెరికా సరుకు నౌకను విడిపించే వ్యవహారంలో అధ్యక్షుడు ఫోర్డ్ పంపింది అది. అది చేరేసరికి ఆ సైనిక చర్య ముగిసిపోయింది.

‘పోరు’ అన్న మాటను చట్టం సరిగ్గా నిర్వచించలేదు. 2011లో లిబియా మీద బాంబు దాడులు మార్చి 19న మొదలయ్యాయి, మే 20కల్లా 60 రోజులు దాటిపోయాయి. అనుమతి లేదు, దాడులు ఆగలేదు. అమెరికా సైనికులు నేల మీద లేరు, వాళ్ల ప్రాణాలకు పెద్ద ముప్పు లేదు, కాబట్టి ఇది చట్టం చెప్పే పోరు కిందికి రాదని ఒబామా ప్రభుత్వం వాదించింది. బాంబు వేసేవాడికి ప్రమాదం లేదు కాబట్టి అది పోరు కాదన్న ఈ వాదనను ఒప్పుకుంటే, డ్రోన్లతో, క్షిపణులతో ఎన్నేళ్లు కొట్టినా అది యుద్ధం అవ్వదు. కింద ఉన్నవాళ్లకు మాత్రం అది యుద్ధమే.

చట్టంలోని మూడో ముక్కకు, అంటే అధ్యక్షుడి సంతకం అక్కర్లేని తీర్మానానికి, 1983లో దెబ్బ తగిలింది. వలస వ్యవహారానికి సంబంధించిన చాధా కేసులో సుప్రీంకోర్టు, అధ్యక్షుడి ముందుకు వెళ్లకుండా సభలు చేసే తీర్మానాలకు చట్టబలం ఉండదని తీర్పు చెప్పింది. యుద్ధం ఊసే లేని ఆ తీర్పుతో యుద్ధాన్ని ఆపే మార్గం కూడా మూసుకుపోయింది. ఇప్పుడు సభలు చేసే తీర్మానం అధ్యక్షుడి బల్ల మీదికి వెళ్లాలి. తన యుద్ధాన్ని ఆపమనే కాగితం మీద ఏ అధ్యక్షుడు సంతకం పెడతాడు? వీటో చేస్తాడు. దాన్ని తోసిపుచ్చాలంటే ఉభయ సభల్లో మూడింట రెండొంతుల మంది కావాలి. అంటే వందమంది సెనేటర్లలో 34 మంది అధ్యక్షుడి పక్కన నిలబడితే యుద్ధం సాగుతుంది.

2019లో యెమెన్ విషయంలో జరిగింది ఇదే. సౌదీ కూటమి యుద్ధానికి అమెరికా సాయం ఆపాలన్న తీర్మానం సెనేట్‌లో 54-46తో, ప్రతినిధుల సభలో 247-175తో నెగ్గింది. ఈ చట్టం కింద అలాంటి తీర్మానం రెండు సభలూ దాటడం అదే మొదటిసారి. ఏప్రిల్ 16న ట్రంప్ వీటో చేశారు. వీటోను తోసిపుచ్చడానికి సెనేట్‌లో వచ్చిన ఓట్లు 53, కాదన్నవి 45. మెజారిటీ ఓడిపోయింది. మరుసటి ఏడాది ఇరాన్ మీద తెచ్చిన తీర్మానానిదీ ఇదే కథ. రాజ్యాంగం అధ్యక్షుడిని యుద్ధం కోసం సభలో మెజారిటీ తెచ్చుకోమంది. ఇప్పుడు యుద్ధం వద్దనే సభ మూడింట రెండొంతులు తెచ్చుకోవాల్సి వస్తోంది. బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారిపోయింది.

కోర్టుకు వెళ్లొచ్చు కదా అనిపిస్తుంది. సభ్యులు వెళ్లారు కూడా. 1990లో, ఇరాక్ మీద యుద్ధం మొదలుపెట్టకుండా ఆపాలని కోరిన డెలమ్స్ కేసులో జడ్జి, సభ మెజారిటీ తన మాట చెప్పనంతవరకు ఈ కేసుకు సమయం రాలేదన్నారు. 1999లో యుగోస్లావియాలోని కొసావో సంక్షోభంలో చేసిన వైమానిక దాడుల మీద టామ్ క్యాంప్‌బెల్, మరికొందరు సభ్యులు వేసిన కేసును, వాళ్లకు దావా వేసే అర్హత లేదని కొట్టేశారు. ముందు మీ సభలో తేల్చుకోండి అన్నదే న్యాయమూర్తులు మళ్లీ మళ్లీ చెప్పిన మాట.

సభ మాత్రం తేల్చుకోవడానికి ఇష్టపడదు. ఇదే అన్నిటికంటే బాధ కలిగించే విషయం. 1999 ఏప్రిల్ 28న కొసావో మీద ప్రతినిధుల సభ ఒకే రోజు వరసగా ఓట్లు వేసింది. యుద్ధం ప్రకటిద్దామా అంటే 2-427తో వద్దంది. సైన్యాన్ని వెనక్కి పిలుద్దామా అంటే 139-290తో వద్దంది. వైమానిక దాడులకు అనుమతిద్దామా అంటే 213-213, సమానం, అంటే అదీ వీగిపోయింది. తర్వాత ఆ దాడులకే డబ్బు మంజూరు చేసింది. లిబియా విషయంలోనూ 2011 జూన్ 24న ఒకే రోజు అనుమతి ఇవ్వడానికి 123-295తో నిరాకరించింది, నిధులు తగ్గించడానికి 180-238తో నిరాకరించింది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. యుద్ధం బాగా జరిగితే తాము అడ్డుపడలేదని చెప్పుకోవచ్చు, చెడితే తాము ఒప్పుకోలేదని చెప్పుకోవచ్చు.

అనుమతి ఇచ్చినప్పుడు కూడా సభ గడువు పెట్టడం మరిచిపోయింది. 2001 సెప్టెంబరు 14న, అమెరికా మీద ఉగ్రదాడులు జరిగిన మూడో రోజున, అల్‌ఖైదా మీద సైనిక చర్యకు అధికారం ఇచ్చింది. ప్రభుత్వం మొదట అడిగిన మాటలు ఇంకా విశాలంగా ఉంటే సభ్యులు కొంత తగ్గించారు. చివరికి మిగిలిన కీలక వాక్యం ఇంగ్లీషులో 60 పదాలు. అందులో ఏ దేశం పేరూ లేదు, ఎప్పటివరకు అన్నదీ లేదు. ప్రతినిధుల సభలో 420 మంది అవునన్నారు, కాలిఫోర్నియాకు చెందిన బార్బరా లీ ఒక్కరే కాదన్నారు. కన్నీళ్లు ఆపుకుంటూ ఆమె మాట్లాడింది రెండు నిమిషాలకు మించదు. ఎవరైనా ఒకరు కాసేపు ఆగుదాం అనాలి కదా అన్నదే ఆమె మాటల సారం. తర్వాత ఆమెకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి, పోలీసు రక్షణ పెట్టాల్సి వచ్చింది. ఆ 60 పదాలను పట్టుకునే సోమాలియాలో, యెమెన్‌లో దాడులు జరిగాయి. 2001లో పుట్టనైనా పుట్టని ఐసిస్ మీద యుద్ధానికీ అవే పదాలు ఆధారం అయ్యాయి. ఓటు వేసినవాళ్లలో చాలామంది సభ వదిలి వెళ్లిపోయారు. ఆ ఓటు మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది.

సభకు బలం లేదనుకుంటే పొరపాటు. ఖజానా తాళం దాని దగ్గరే ఉంది, దాన్ని తిప్పినప్పుడు యుద్ధం ఆగిన సందర్భాలు ఉన్నాయి. 1973 వేసవిలో కంబోడియా దాడులకు డబ్బు ఆపుతూ బిల్లు తెచ్చింది. నిక్సన్ మొదట వీటో చేశారు. నిధుల బిల్లులు ఆగిపోతే ప్రభుత్వమే నడవని స్థితి రావడంతో దిగొచ్చి ఆగస్టు 15 గడువుకు ఒప్పుకున్నారు. ఆ రోజుతో బాంబులు ఆగాయి. 1993 అక్టోబరులో మొగదిషు పోరులో 18 మంది అమెరికా సైనికులు చనిపోయాక, 1994 మార్చి 31 తర్వాత సోమాలియాలో సైనిక చర్యకు డబ్బు ఉండదని కాంగ్రెస్ తేల్చి చెప్పింది. సైన్యం వచ్చేసింది.

సభ అనుమతి తప్పనిసరి చేస్తే ఆలస్యమవుతుందన్నది ఎప్పుడూ వినిపించే అభ్యంతరం. క్షిపణి నిమిషాల్లో వచ్చి పడే కాలంలో చర్చలు పెట్టుకుని కూర్చోగలమా అంటారు. క్షిపణి వస్తుంటే ఎవరూ కూర్చోమనలేదు, ఆ మినహాయింపు 1787లోనే ఉంది. మనం మొదలుపెట్టే యుద్ధం గురించే ఈ తర్జనభర్జన అంతా. ఇక సభ నిదానం అన్న మాట కూడా నిలవదు. పెర్ల్ హార్బర్ దాడి మర్నాడు, 1941 డిసెంబరు 8న, మధ్యాహ్నం పన్నెండున్నరకు రూజ్‌వెల్ట్ కాంగ్రెస్‌లో మాట్లాడారు. గంట తిరిగేలోపు రెండు సభలూ ఓటు వేసేశాయి. నాలుగు దాటిన కాసేపటికి ఆయన సంతకం పడింది. అంతటి కోపంలోనూ జనెట్ ర్యాంకిన్ అనే ఒక్క సభ్యురాలు కాదని చెప్పగలిగింది, ఆ మాట రికార్డులో ఉంది.

జర్మనీ ఈ బరువును సరైన భుజం మీదే పెట్టింది. 1994 జులై 12న అక్కడి రాజ్యాంగ కోర్టు, సైన్యాన్ని విదేశంలో సాయుధ చర్యకు పంపాలంటే పార్లమెంటు అనుమతి ఉండాల్సిందేనని చెప్పింది. 2005లో దానికి చట్టం చేశారు. అనుమతి పత్రంలో ఎక్కడికి, గరిష్ఠంగా ఎంతమంది, ఎంతకాలం, ఎంత ఖర్చు అన్నీ ఉండాలి. మామూలుగా ఏడాదికి మించి ఇవ్వరు. గడువు తీరాక సభ మళ్లీ ఓటు వేయకపోతే సైన్యం తిరిగి రావాలి. అత్యవసరమైతే ముందు పంపి వెంటనే అనుమతి అడగొచ్చు, సభ కాదంటే వెనక్కి పిలవాలి. 2001 నవంబరు 16న అఫ్ఘానిస్థాన్ అనుమతి కోసం చాన్సలర్ ష్రోడర్ తన ప్రభుత్వాన్నే పణంగా పెట్టారు. 334 ఓట్లు కావాలి, 336 వచ్చాయి. తన పార్టీవాళ్లను, కూటమి సభ్యులను ఒప్పించడానికి ఆయన పడిన పాట్లు ఆ రెండు ఓట్ల తేడాలో కనిపిస్తాయి. అదే జరగాలి కూడా.

బ్రిటన్‌లో చట్టం లేదు, ఆనవాయితీ ఉంది. 2013 ఆగస్టు 29న సిరియా మీద దాడికి పార్లమెంటు 285-272తో కాదంటే అప్పటి ప్రధాని కామెరాన్ తలవంచారు. 2018 ఏప్రిల్‌లో ఆయన తర్వాత ప్రధాని అయిన థెరిసా మే అసలు అడక్కుండానే సిరియా మీద దాడి చేశారు. ఆనవాయితీ పాటించేవాళ్లు ఉన్నంతవరకే ఉంటుంది.

సభ ఓటు వేసినంత మాత్రాన నిర్ణయం సరైనదైపోదు, ఈ మాట ఒప్పుకోవాలి. 2002 అక్టోబరులో ఇరాక్ యుద్ధానికి ప్రతినిధుల సభ 296-133తో, సెనేట్ 77-23తో అనుమతి ఇచ్చాయి. ఉన్నాయన్న మారణాయుధాలు దొరకలేదు. కానీ ఆ ఓటుకు పేర్లున్నాయి. హిల్లరీ క్లింటన్ అప్పుడు వేసిన అవునన్న ఓటు 2008లో ఆమెను వెంటాడింది. కాదన్నవాళ్లు దాన్ని చూపించి నిలబడ్డారు. నైజర్‌కు అంతమంది సైనికులు ఎలా చేరారని అడిగితే చూపించడానికి ఒక్కరి ఓటూ లేదు.

2021లో క్రిస్ మర్ఫీ, మైక్ లీ, బెర్నీ శాండర్స్ అనే ముగ్గురు సెనేటర్లు సరిగ్గా ఈ లోపాల మీదే బిల్లు తెచ్చారు. ముగ్గురి రాజకీయాలకూ పొంతన ఉండదు. పోరు అంటే ఏమిటో అందులో నిర్వచించారు. 60 రోజుల గడువును 20కి తగ్గించారు. ఆలోపు అనుమతి రాకపోతే ఆ చర్యకు నిధులు వాటంతట అవే ఆగిపోతాయన్నారు. అది కమిటీ దాటి ఓటింగ్ దాకా రాలేదు.

2025 జూన్ 22న అమెరికా విమానాలు ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాల మీద బాంబులు వేశాయి. అయిదు రోజుల తర్వాత, సభ అనుమతి లేకుండా ఇక ముందుకు వెళ్లకూడదన్న సెనేటర్ టిమ్ కేన్ తీర్మానం సెనేట్‌లో 47-53తో వీగిపోయింది. ఆ 53 మందిని అడిగిన ప్రశ్న, అధ్యక్షుడిని ఆపుదామా అని. వద్దు అనడం తేలిక, దాంతో తాము యుద్ధానికి సరే అన్నట్టు కాదు. ఇరాన్ మీద యుద్ధం చేద్దామా అని అడిగి ఉంటే, మెజారిటీ వెతుక్కోవాల్సింది అధ్యక్షుడు. ఆ 53 మందిలో ఒక్కొక్కరూ అవును అని తమ పేరు మీద చెప్పాల్సి వచ్చేది.